పాలల్లో గుల్లలు

ఒరే శీనుగా,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో, నేను ఆగుతా. అయిందా? దసరాకి రాస్తానన్న ఉత్తరం సంక్రాంతి వెళ్ళాక రాస్తున్నా, నాకే సిగ్గుగా ఉంది, నీ మెసేజ్‌లన్నిటికీ బొటనవేలు బొమ్మ ఒకటి కొట్టి ఊరుకున్నందుకు ఇంకా సిగ్గుగా ఉంది. ఇక్కడ అందరం బానే ఉన్నాం, చంటాడికి ముందు పళ్ళు రెండు ఊడాయి, మేనేజర్ మారాడు కానీ కొత్తాయనా అదే బాపతు, చలికి కారు బ్యాటరీ చచ్చింది. వార్తలు సమాప్తం. అసలు సంగతికి వస్తున్నా, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని చదువు, ముఖ్యంగా మీ అమ్మగారు.

నేను పాలల్లో గుల్లలు ఉడికించుకుని తిన్నానురా.

అవును, మన గుల్లలే. ఉప్పుటేరులో రాళ్ళకి అంటుకుని ఉండేవి, నీ ఎడమ పాదానికి ఐదు కుట్లు వేయించినవి, వాటి తాలూకు చుట్టాలు. మన దగ్గర వాటిని కాల్చి సున్నం చేస్తారు తప్ప తిన్నవాణ్ణి మనిద్దరం చూశామా ఎప్పుడైనా? ఇక్కడ మేరీల్యాండ్‌లో వాటినే ఆయిస్టర్లు అని డజన్ల లెక్కన కొనుక్కుని, క్రిస్మస్ ముందు రోజు రాత్రి పాలూ మీగడా వేసి సూప్ కాచుకుంటారు. చాలా ఇళ్ళల్లో అదొక ఆనవాయితీ, మనకి భోగినాడు రేగిపళ్ళలాగ. మాకు పక్కింట్లో ఒక పెద్దాయన ఉన్నాడని చెప్పాగా, ఆకులు ఊడ్చే మెషీన్ ఆయన, ఆయన అల్లుడు చీసపీక్ బేలో పడవేసుకుని ఆయిస్టర్లు పడతాడు. ఇరవై నాలుగో తారీకు పొద్దున్నే బకెట్టు నిండా తెచ్చి గుమ్మంలో పెట్టి, మీ ఆవిడ పంపిన జంతికలకి బదులు అని వెళ్ళిపోయాడు. లెక్కపెడితే మూడు డజన్లు. బురద, నాచు, ఆ వాసన... ఒరే కళ్ళు మూసుకుంటే జగన్నాథపురం వంతెన మీద నిలబడ్డట్టే ఉందిరా. రెండు నిమిషాలు ఆ చలిలో చొక్కాతో అలా నించుండిపోయా.

మీ చెల్లెలు రొయ్యల దాకా ఒప్పుకుంటుంది, ఆ పైన జీవులకి ఆవిడ రాజ్యంలో వీసా లేదు. గరాజ్‌లో చేసుకో అంది. సరే అని స్క్రూడ్రైవర్ తీసుకుని కూర్చున్నా. నవ్వకు. అరగంట పొడిచా, ఒక్కటి తెరుచుకుంటే ఒట్టు, స్క్రూడ్రైవర్ జారి అరచేతిలో గీరుకుంది. ఆ చప్పుడుకి పెద్దాయన వచ్చి, తల కొట్టుకుని, పొట్టిగా మొద్దుగా ఉండే ఒక కత్తి తెచ్చాడు, దీనికోసమే చేసిన కత్తి. మందపాటి తువ్వాలు మడత పెట్టి, గుంట ఉన్న చిప్ప కిందికి ఉండేలా పట్టుకుని, రెండు చిప్పలూ కలిసే మొన దగ్గర, అదే కీలు లాంటి చోట, కత్తి మొన దూర్చి తాళంచెవి తిప్పినట్టు తిప్పాడు. టప్ మంది. అంతే! తర్వాత కత్తిని పైచిప్పకి ఆనించి జరిపితే లోపల పట్టుకుని ఉన్న కండ తెగిపోతుంది, మూత ఊడి వచ్చేస్తుంది. గుంట చిప్ప కింద ఎందుకంటే లోపలి నీళ్ళు ఒలక్కూడదు, వాటిని వీళ్ళు లిక్కర్ అంటారు, ఎగరకు, ఉత్త ఉప్పునీళ్ళే, కానీ సూప్‌కి ప్రాణమంతా అందులోనే. ముందే నోరు తెరుచుకుని ఉన్నదాన్ని తట్టి చూడాలట, మూసుకుంటే బతికున్నట్టు, లేకపోతే పారెయ్యాలి. లెక్కల మేస్టారు రాగానే నువ్వు మూసినట్టు టక్కున మూసుకుంటున్నాయిరా.

ఆయన పన్నెండు తీసేలోపు నేను రెండు తీశా. ముత్యం ఉందేమో అని ప్రతిదాంట్లో వేలు పెట్టి వెతికానని ఆయనకి తెలియదు, నువ్వూ చెప్పకు. ఈ జాతిలో నగలకి పనికొచ్చే ముత్యాలు రావట, తర్వాత చదివా.

వంట మాత్రం నేనే చేస్తానని పంపేశా. అక్కడే తప్పు చేశా. సగం ఆయిస్టర్లతో మొదలెట్టి, వెన్నలో ఉల్లిపాయ వేయించి, పాలు పోసి, మనం పాయసానికి మరిగించినట్టు గలగలా మరిగించి, గుల్లలు వేసి, నీచు వాసన పోవాలి కదా అని అలవాటుగా అరచెక్క నిమ్మకాయ పిండేశా! చేపకి పిండమూ? చెయ్యి దానంతట అదే పోయింది. క్షణంలో గిన్నెంతా విరిగి కూర్చుంది. కోవా కొట్టువాడు చూస్తే పనీర్‌కి బేరం పెట్టేవాడు. గుల్లలేమో సైకిల్ ట్యూబు ముక్కల్లాగా అయ్యాయి. కుళాయి కింద పారబోస్తుంటే నిజంగా ఏడుపొచ్చింది, ఎందుకంటే ఒక్కొక్కటీ చేత్తో తీసినవి కదా.

రెండోసారి పెద్దాయన్ని అడిగే మొదలెట్టా. లిక్కర్‌ని పల్చటి గుడ్డలో వడగట్టా, అడుగున ఇసక ఉంటుంది. నాలుగు చెంచాల వెన్నలో ఉల్లి, సెలరీ సన్నగా తరిగి రంగు మారకుండా మగ్గబెట్టి, చెంచాడు మైదా కలిపి, మూడు కప్పుల చిక్కటి పాలు కొంచెం కొంచెంగా పోసి, ఒక కప్పు హాఫ్ అండ్ హాఫ్ (సగం పాలు సగం మీగడ, ఇక్కడ డబ్బాలో అమ్ముతారు), తర్వాత ఆ లిక్కర్. మరగకూడదు. గిన్నె అంచు చుట్టూ చిన్న చిన్న బుడగలు వస్తాయి చూడు, అక్కడే మంట సిమ్‌లో పెట్టెయ్యాలి. గుల్లలు చిట్టచివర. రెండు మూడు నిమిషాలే. ఆ అంచులు చీర కుచ్చిళ్ళలాగా ముడుచుకుంటాయిరా, కళ్ళ ముందే, అప్పుడు దించెయ్. ఉప్పు ముందు వెయ్యకు, సముద్రం వేసి పంపించింది. మిరియాలు, పైన చిటికెడు ఓల్డ్ బే అనే మసాలా పొడి. అది వీళ్ళ కందిపొడి, మొక్కజొన్న మీద కూడా చల్లుకుంటారు, జర్మనీ నుంచి పారిపోయొచ్చిన గుస్తావ్ బ్రన్ అనే ఆయన 1939లో బాల్టిమోర్‌లో మొదలెట్టాడట. పక్కన ఆయిస్టర్ క్రాకర్లని చిట్టి బిస్కెట్లు, పేరులోనే ఆయిస్టర్, లోపల వట్టి మైదా.

రుచి ఎలా చెప్పను? మెత్తగా, ఉప్పగా, వెనకాల ఎక్కడో తియ్యగా. ఏటి గాలికి మీగడ పూసినట్టు. సరే నవ్వుకో. పెద్దాయన మాట్లాడకుండా రెండు గిన్నెలు తాగాడు. వాళ్ళ తాత తెరచాప పడవలో వీటిని పట్టేవాడట, అప్పట్లో ఉన్నవాటితో పోలిస్తే ఇప్పుడు బేలో నూటికి ఒకటి మిగిలిందంటారు, తినేసి కొంత, రోగాలొచ్చి కొంత. ఒక్క గుల్ల రోజుకి యాభై గ్యాలన్ల నీళ్ళు వడగట్టగలదట, దాదాపు రెండొందల లీటర్లు! అందుకే ఖాళీ చిప్పలు కూడా చెత్తలో వెయ్యనివ్వలేదు, అవి పోగుచేసే చోట ఇస్తే తిరిగి బేలో వేస్తారు, పిల్ల గుల్లలు వాటికే అంటుకుని పెరుగుతాయి. మనమేమో కాల్చి గోడలకి కొట్టాం. మన ఏరు నీళ్ళు అప్పుడు ఎలా ఉండేవి, ఇప్పుడు... వదిలెయ్.

ఇంతలో అమ్మ వీడియో కాల్! ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర, అక్కడ పొద్దున్న ఏడు, కాఫీ టైమ్. ఫోన్ చంటాడు ఎత్తాడు, ఎత్తి తిన్నగా గిన్నెలోకి చూపించాడు. "ఏంట్రా తెల్లగా?" "పాయసం అమ్మా." "పాయసంలో మిరియాలేంట్రా?" నేను నోరు తెరిచేలోపు చంటాడు, "నానమ్మా, నాన్న మిల్క్‌లో ఫిష్ వేశాడు" అన్నాడు.

అర్థమైందిగా. మీ అక్క పెళ్ళిలో కొరమీను కూర మీద బాదంపాలు తాగినప్పుడు మనింట్లో ఏం జరిగిందో గుర్తుంది కదా, చేపల మీద పాలు పడితే ఒళ్ళంతా బొల్లి అని, వారం రోజులు నువ్వూ నేనూ దొడ్లో చొక్కాలు విప్పుకుని ఒకడి వీపు ఒకడు వెతికాం, నీ మోచేతి మీద తెల్ల మచ్చ గోడ సున్నమని తేలేదాకా. ఆ సున్నం కూడా గుల్లసున్నమేరా, ఇప్పుడే తట్టింది! డాక్టర్లు అలాంటిదేం లేదంటారని చెప్పా, ఇక్కడ తరతరాలుగా తాగుతున్నారని చెప్పా, సాక్ష్యానికి పెద్దాయన్ని కూడా చూపించా. ఆయన అసలే పాలిపోయిన తెల్లటి మనిషి. అమ్మ ఆయన్ని ఒక్క నిమిషం చూసి, "చూశావా మరి" అంది.

ఆ రోజు నుంచీ రోజూ ఫోన్. వీపు చూపించు, ఇటు తిరుగు, లైటు వెయ్యి. మీ చెల్లెలు దగ్గరుండి కెమెరా పడుతోంది, మహా సరదాగా ఉంది ఆవిడకి. గిన్నె ఇంకా గరాజ్‌లోనే ఉంది, లోపలికి రానివ్వట్లేదు. నువ్వు మా ఇంటికెళ్ళి అమ్మకి కొంచెం నచ్చచెప్పు, నీ మాటంటే వింటుంది, ఆ పచ్చలుంగీ కేసు తర్వాత కూడా ఎందుకు వింటుందో నాకిప్పటికీ... అదిగో మోగుతోంది. చొక్కా విప్పాలి. మిగతాది రేపు రా