నాగసాకిలో చూడ్డానికేం లేదా?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆగస్టు వస్తే చాలు మన పేపర్లన్నీ హిరోషిమా మీద అరపేజీ వేస్తాయి, చివర్లో మూడు రోజులకి నాగసాకి మీద కూడా అణుబాంబు వేశారని ఒక ముక్క తగిలిస్తాయి, అంతే. మా అబ్బాయి జపాన్‌లో ఉంటే చూడ్డానికి వెళ్లి నాగసాకి కూడా తిరిగొచ్చా, మాది గుంటూరు వైపు క్యాథలిక్ కుటుంబం, అందుకని పనిగట్టుకుని చర్చిలే చూశా.

వెళ్లొచ్చిన మనవాళ్లు హిరోషిమాలో బాంబుకి తట్టుకుని నిలిచిన ఆ డోమ్ ఉంది, నాగసాకిలో అలాంటిదేం మిగల్లేదు అంటుంటారు. మిగిలింది సార్. నాగసాకిలోనే ఉరకామి అనే పేటలో ఉన్న చర్చి గోడలు కొన్ని బాంబు తర్వాత కూడా నిలబడే ఉండేవి, 1958లో అవి తీసేసి 1959కి అక్కడే కొత్త గుడి కట్టుకున్నారు, ఒక గోడ ముక్కని బాంబు పేలినచోట ఉన్న పార్కులో పెట్టారు. అలాగే ఉంచాల్సింది అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. నాకైతే వాళ్లు చేసిందే రైటు.

ఎందుకంటే ఆ స్థలం మామూలుది కాదు. క్రైస్తవం మీద నిషేధం ఉన్న రోజుల్లో ఊరిపెద్ద ఇల్లు అక్కడే ఉండేది, ఏటా జనాన్ని పిలిచి ఏసుప్రభువు, మరియమాత బొమ్మల్ని కాలితో తొక్కించేవాళ్లు. తొక్కి ఇంటికొచ్చి పశ్చాత్తాప జపం చెప్పుకునేవాళ్లట, ఫాదర్లు లేకుండా రెండొందల ఏళ్లకి పైగా అలా నెట్టుకొచ్చారు. 1865లో నాగసాకిలోనే ఉన్న ఓరా చర్చికెళ్లి ఫ్రెంచి ఫాదర్ పెతీజాన్‌కి మేమూ మీవాళ్లమే అని చెప్పుకుంటే, తర్వాత ప్రభుత్వం వాళ్లు 3,400 మంది దాకా ఊళ్లోంచి తరిమి దేశమంతా చెదరగొట్టారు, 600 మందికి పైగా పోయారు. 1873లో తిరిగొచ్చినవాళ్లు ఆ స్థలమే కొని, పైసా పైసా పోగేసి 1914కి గుడి పూర్తి చేశారు. 1945 ఆగస్టు 9 పొద్దున 11:02కి బాంబు పేలింది దానికి అరకిలోమీటరు దూరంలో. 15న మరియమాత మోక్షారోపణ పండుగ కదా, లోపల ఫాదర్లు పాపసంకీర్తనాలు (జనం తమ పాపాలు ఒప్పుకోవడం) వింటున్నారు, ఒక్కరూ బతకలేదు. ఉరకామి క్యాథలిక్కులు 12 వేల మందిలో 8,500 మంది దాకా పోయారు. మిగిలినవాళ్లని ఇక్కడ వద్దు, ఇంకోచోట పూజ చేసుకోండి అంటే ఎలా ఒప్పుకుంటారండీ?

అయినా అన్నీ తీసేయలేదు. గుడి ముందు మాడి నల్లబడిన పునీతుల విగ్రహాలున్నాయి, కొన్నిటికి తలల్లేవు. కూలిన గంటగోపురం పైభాగం పక్కన వాలులో పడ్డట్టే ఉంది (దాని ముందు నవ్వుతూ సెల్ఫీలు, మనవాళ్లే). లోపల మరియమాత చెక్కబొమ్మ తల ఒక్కటే మిగిలింది, కళ్లు కాలిపోయి రెండు నల్లటి గుంటలు. గోపురాల్లో మోగే చర్చి గంటలు రెండిట్లో ఒకటి శిథిలాల్లో దొరికితే ఆ ఏడాది క్రిస్మస్‌కే మోగించారు, రెండోది అమెరికా క్యాథలిక్కులు చేయించి ఇస్తే 2025 ఆగస్టు 9న మోగింది. మన పేపర్లలో ఇది నా కంటికి కనపడలేదు.

ఇంకోటి, స్టేషన్ దగ్గర నిషిజాకా కొండమీద 1597లో సిలువ వేసిన 26 మంది వేదసాక్షుల్లో (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్లు) గొన్సాలో గార్సియా అని ఒకాయన ఉన్నాడు, పుట్టింది బొంబాయి పక్క వసాయిలో. అక్కడిదాకా వెళ్లే మనవాళ్లలో ఎంతమందికి తెలుసు?

ఈ ఆగస్టు 9కి ఉరకామి మీద ఒక కాలమన్నా వేయండి. వెళ్లేవాళ్లకి పనికొస్తుంది కాబట్టి ఇది కూడా వేయండి, ఓరా చర్చికి టికెట్ ఉంది, ఉరకామికి లేదు, రెండింటి లోపలా ఫొటోలు తీయనివ్వరు, రెండిటికీ ట్రామ్‌లోనే వెళ్లిపోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు