సాయం తీసుకునేవాళ్ల మొహాలు పేపర్లో వెయ్యకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పండగొస్తే చాలు మన చెన్నై పేజీలో బియ్యం పంచిన ఫొటోలు, చీరలు పంచిన ఫొటోలు వరసగా వస్తాయి, ఇచ్చేవాళ్లు నలుగురూ కెమెరా వైపు చూస్తుంటారు, మధ్యలో ఒక ముసలావిడ సంచీ పట్టుకుని తల దించుకుని ఉంటుంది. ఇచ్చేవాళ్ల మనసు మంచిదే, దాన్ని నేనేమీ అనట్లేదు. కానీ ఈమధ్య బ్రిటన్‌లోని వేల్స్‌లో వర్క్‌హౌస్‌ల (సాయం అడిగిన పేదవాళ్లని లోపల ఉంచి పనిచేయించే ఇళ్ల) చరిత్ర చదువుతున్నాను, అది చదివాక ఆ ఫొటోలు చూడబుద్ధి కావట్లేదు.

1834లో బ్రిటన్‌లో పేదల చట్టం మార్చారు. అంతకుముందు చాలాచోట్ల ఊరివాళ్ల దగ్గర పన్ను వసూలు చేసి, లేనివాళ్లకి ఇంటి దగ్గరే డబ్బో రొట్టో ఇచ్చేవాళ్లు. కొత్త చట్టంతో వచ్చిన పద్ధతి ఏంటంటే, ఒంట్లో శక్తి ఉన్నవాడు సాయం అడిగితే వర్క్‌హౌస్‌లోకి రావాల్సిందే, లోపల బతుకు బయట అందరికన్నా తక్కువ కూలికి పనిచేసేవాడి బతుకు కన్నా హీనంగా ఉండాలి. ఇది ఎవరో కిందిస్థాయి వాళ్లు చేసిన దుర్మార్గం కాదండీ, అడగడానికే జనం సిగ్గుపడాలని పైవాళ్లు ఆలోచించి పెట్టిన రూలు. గేటు దాటగానే సొంత బట్టలు తీసుకుని యూనిఫాం ఇచ్చేవాళ్లు, మొగుడు ఒక వైపు పెళ్లాం ఒక వైపు పిల్లలు ఇంకో వైపు, పనంటే రాళ్లు కొట్టడం, పాత ఓడ తాళ్లని పీచు పీచుగా విప్పడం.

వేల్స్ జనం దీన్ని మింగలేకపోయారు. 1839లో నార్బెర్త్‌లో వర్క్‌హౌస్‌ని తగలబెట్టబోయారు. 1843 జూన్ 19న కార్మార్థెన్‌లో, టోల్‌గేట్లు పగలగొట్టే రెబెకా ఉద్యమం జనం వర్క్‌హౌస్‌లోకి దూసుకెళ్లి పరుపులు కిటికీల్లోంచి బయటకి విసిరేశారు, గుర్రపు సైన్యం వచ్చి చెదరగొట్టింది. ఇవన్నీ ఒకెత్తు, రాయడెర్ అనే చిన్న ఊరివాళ్లు ఒకెత్తు. గొడవ లేదు ఏం లేదు, వర్క్‌హౌస్ కట్టకుండా ఏళ్లకేళ్లు వాయిదా వేస్తూ 1870ల దాకా లాక్కొచ్చారు, ఇంగ్లండ్ వేల్స్ మొత్తంలో అందరికన్నా ఆఖరున కట్టింది వాళ్లే. ఇంటికే వారానికి కొన్ని షిల్లింగులు పంపిస్తే ఖర్చూ తక్కువేనని వేల్స్‌లో చాలామంది లెక్క, అది కూడా చెప్పాలి. ఆఫ్రికా యాత్రలు చేసిన హెన్రీ స్టాన్లీ పెరిగింది కూడా వేల్స్‌లోని సెయింట్ అసాఫ్ వర్క్‌హౌస్‌లోనే (మన స్టాన్లీ ఆసుపత్రి పేరు ఆయనది కాదు, గవర్నర్ జార్జ్ స్టాన్లీది).

ఆ ఆసుపత్రిని ఇక్కడి పాతవాళ్లు ఇప్పటికీ కంజి తొట్టి ఆసుపత్రి అనే అంటారు. 1782 కరువులో ఆకలితో వచ్చినవాళ్లకి గంజి పోసిన మణేగార్ సత్రం నుంచి పుట్టింది అది. కానీ అదే మద్రాసులో, 1876-78 ధాత కరువు నాటికి, బ్రిటన్ ఆలోచన ఇక్కడికీ వచ్చేసింది. 1877లో కరువు సాయం చూడటానికి బ్రిటిష్ ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో మగ కూలీకి రోజుకి అరకిలో కూడా లేని ధాన్యం, ఒక అణా చాలన్నాడు, మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఇది మనుషులు బతికే తిండి కాదని పోట్లాడాడు. మనం రోజూ ముక్కు మూసుకుని దాటే బకింగ్‌హామ్ కాలవలో అడయార్‌నీ కూవాన్నీ కలిపే ముక్క ఆ కరువులో కూలీలు తవ్విందే.

నాకు అన్నిటికన్నా పట్టుకున్న విషయం 1908 పెన్షన్ చట్టం. వేల్స్‌లో పెరిగిన అప్పటి బ్రిటన్ ఆర్థికమంత్రి లాయిడ్ జార్జ్ దాన్ని పార్లమెంటులో నెగ్గించాడు. 70 దాటిన పేద ముసలివాళ్లకి వారానికి 5 షిల్లింగుల దాకా, 1909 జనవరి నుంచి. ఆ డబ్బు వర్క్‌హౌస్‌లు నడిపే పేదల బోర్డు దగ్గర కాకుండా పోస్టాఫీసులో ఇచ్చారు, అందరూ స్టాంపులు కొనుక్కునే కిటికీ దగ్గరే వీళ్లూ తీసుకుని వెళ్లిపోవచ్చు, ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు.

అందుకే అడుగుతున్నాను. ఎవరు ఇచ్చారు, ఎన్ని బస్తాలు, ఏ వీధిలో, అన్నీ వెయ్యండి, దాతల ఫొటో కూడా వెయ్యండి, ఇంకో నలుగురికి ఇవ్వాలనిపిస్తుంది. తీసుకున్నవాళ్ల మొహం మాత్రం వద్దు. ఫొటోలు పంపే సంఘాలకి కూడా ఈ మాట మీరే చెప్పండి, మీరు చెబితే వింటారు.

ఇట్లు,
మీ పాఠకురాలు, రాయపురం, చెన్నై