మంచం మీద ఉన్నవాడి చేత రాజీ సంతకాలు చేయించవద్దు

సంపాదకులకు,

అయ్యా,

ఇచ్ఛాపురం నుంచి పైడిభీమవరం దాకా 16వ నంబరు జాతీయ రహదారి పక్కన బతికే శ్రీకాకుళం జిల్లా ప్రజలకు రోడ్డు ప్రమాదం కొత్త కాదు. ఏ ఊరి దగ్గర, ఏ బండి, ఎవరిని గుద్దిందన్న వార్త మరునాడు పత్రికలో వస్తుంది. గాయపడినవాడి ఇంట్లో ఆ తరువాత ఏం జరిగిందన్నది మాత్రం రాదు. మా ఇంట్లో జరిగినదాన్ని పదిమందికీ చెప్పవలసిన అవసరం ఉందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా తమ్ముడు తాపీమేస్త్రి, వయసు 38 ఏళ్లు. నరసన్నపేటలో పని ముగించుకుని సైకిలు మీద ఇంటికి వస్తుండగా, వెనుక నుంచి అతివేగంగా వచ్చిన సరుకుల వ్యాను గుద్దడంతో కుడి తొడ ఎముక రెండుచోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు. అయిదో రోజున వ్యాను యజమాని తరఫు మనుషులు మా ఊరి పెద్దలను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చారు. "కేసంటే ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగాలి మాస్టారూ, ఆ డ్రైవరు కూడా పిల్లలు గలవాడే, ఇచ్చింది పుచ్చుకోండి" అని నాకు నచ్చజెప్పారు. అప్పటికే మందుల దుకాణం చీటీలు మా మరదలి చేతిసంచిలో పట్టకుండా ఉన్నాయి. 40 వేల రూపాయలకు ఒప్పుకున్నాం. ఎక్స్‌రే కవరును అట్టగా పెట్టుకుని, వెల్లకిలా పడుకుని ఉన్న మా తమ్ముడు ఆ కాగితం మీద సంతకం చేశాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పిన నేను పక్కనే నిలబడి, మంచిపనే జరిగిందనుకున్నాను. ఆ తప్పు నాది.

ఆ డబ్బు రెండో నెల దాటలేదు. ఎముక అతికింది గాని మోకాలు పూర్తిగా వంగదు. పరంజా ఎక్కి రెండో అంతస్తు గోడకు ప్లాస్టరింగ్ చేసిన మనిషి ఇప్పుడు కింద స్టూలు వేసుకుని ఇసుక జల్లిస్తున్నాడు. మేస్త్రి కూలీ పోయి సగం కూలీ మిగిలింది.

నాలుగో నెలలో శ్రీకాకుళం కోర్టులో ఒక వకీలుగారు మాకు లెక్క వేసి చూపించారు. నెలకు 15 వేలు సంపాదించే 38 ఏళ్ల మనిషికి గాయం వల్ల 30 శాతం సంపాదనశక్తి పోయిందనుకుంటే, 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు ఖరారు చేసిన పట్టిక ప్రకారం ఆ వయసుకు గుణకం, అంటే ఏడాది నష్టాన్ని హెచ్చవేయవలసిన సంఖ్య, 15 కనుక, ఆ ఒక్క పద్దు కిందనే 8 లక్షల 10 వేల రూపాయలు అవుతుంది. వైద్యఖర్చులు, మంచాన ఉన్న కాలానికి పోయిన కూలీ, పడిన బాధకు పరిహారం దీనికి అదనం. డాక్టరు కాలికి ఎంత వైకల్యం రాశారన్నది ఒకటి, దానివల్ల ఆ మనిషి వృత్తికి ఎంత నష్టం కలిగిందన్నది మరొకటి అని, పరిహారానికి రెండోదే ముఖ్యమని 2010లో రాజ్‌కుమార్ కేసులో అదే కోర్టు చెప్పింది. కుర్చీలో కూర్చుని పనిచేసే గుమాస్తాకు వంగని మోకాలు ఇబ్బంది మాత్రమే, తాపీమేస్త్రికి అదే బతుకుతెరువు పోవడం.

డ్రైవరు మీద జాలితో రాజీపడడంలో తప్పేముందని మా పెద్దలు అడిగారు. ఆ జాలిని నేను తక్కువ చేయను. అయితే రోడ్డెక్కే ప్రతి మోటారు వాహనానికీ థర్డ్ పార్టీ బీమా, అంటే ఆ బండి వల్ల ఇతరులకు కలిగే నష్టాన్ని భరించే బీమా, తప్పనిసరి అని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. బీమా అమలులో ఉంటే, రోడ్డు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్ మంజూరు చేసిన పరిహారాన్ని మామూలుగా బీమా కంపెనీయే చెల్లిస్తుంది. మేము 40 వేలకు సరిపెట్టుకున్నందువల్ల ఆ డ్రైవరు పిల్లలకు ఒరిగిందేమీ లేదు.

రాజీ కారణంగా మేము మొదట పోలీసు ఫిర్యాదు ఇవ్వలేదు. ఎఫ్‌ఐఆర్ లేకపోతే ఏ వాహనం గుద్దిందన్నదే రుజువు చేయడం కష్టమవుతుంది. ఫిర్యాదు ఆలస్యమైనంత మాత్రాన క్లెయిమును తోసిపుచ్చరాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పినందున ధైర్యం చేసి ఆలస్యంగానైనా ఇచ్చాం. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. ఆ గడువు చెల్లుబాటుపై వ్యాజ్యం నడిచినప్పటికీ, దాన్ని నమ్ముకుని ఎవరూ ఆలస్యం చేయవద్దని నా మనవి. మా దరఖాస్తు విచారణలో ఉంది కనుక దాని గురించి ఇంతకుమించి రాయను.

వలస వెళ్లినవారి సంగతి నన్ను ఇంకా బాధిస్తోంది. ఉద్దానం నుంచి, పాలకొండ వైపు నుంచి హైదరాబాదుకో చెన్నైకో పనికి వెళ్లి, అక్కడ బండి గుద్దితే కట్టు కట్టించుకుని ఊరు చేరినవారు, కేసు అక్కడే నడపాలనుకుని వదిలేస్తున్నారు. గాయపడినవారు తాము నివసించే చోటి ట్రిబ్యునల్‌లోనే దరఖాస్తు వేసుకోవచ్చని మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను స్పష్టంగా చెబుతోంది. గుద్దిన వాహనం ఏదో తెలియకపోయినా, మరణానికి 2 లక్షలు, తీవ్రగాయానికి 50 వేల రూపాయలు ఇచ్చే పథకం ఉంది. దానికి రెవెన్యూ అధికారుల ద్వారా దరఖాస్తు చేయాలి. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు నగదు రహిత చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మే నెలలో వచ్చింది. అయిదో రోజున మందుల చీటీలకు భయపడి సంతకం పెట్టే కుటుంబానికి ఈ ఒక్క సమాచారం అందినా చాలా తేడా ఉంటుంది.

ప్రమాదం సమాచారం అందిన 48 గంటల్లో పోలీసులు ట్రిబ్యునల్‌కు మొదటి నివేదిక పంపాలని నిబంధన ఉంది. ఎఫ్‌ఐఆర్ నకలు బాధితునికి ఉచితంగా ఇవ్వాలని కొత్త నేర ప్రక్రియ చట్టం చెబుతోంది. మా జిల్లా పోలీసు అధికారులు ఇవి ప్రతి స్టేషనులోనూ అమలయ్యేలా చూడాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇచ్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థ, తన వాలంటీరును వారానికి రెండు రోజులైనా ఆసుపత్రి ఎముకల వార్డుకు పంపాలి. ఏయే కాగితాలు దాచుకోవాలో వారు మంచం దగ్గరే చెప్పగలరు: ఎఫ్‌ఐఆర్, గాయాల ధ్రువపత్రం, డిశ్చార్జి చీటీ, మందుల బిల్లులు, కూలీకి సంబంధించిన ఏదైనా ఆధారం.

ఊరి పెద్దలను కూడా ఒక్కటి వేడుకుంటున్నాను. గాయపడినవాడు మంచం దిగి, తన కాలు ఎంతవరకు వంగుతుందో తాను చూసుకునేదాకా అతని దగ్గరకు రాజీ కాగితం తీసుకుపోవద్దు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నరసన్నపేట మండలం, శ్రీకాకుళం జిల్లా.