ఓపెన్ సోర్స్ అంటే ‘ఉచితం’ అని రాసి వదిలేయకండి

సంపాదకులకు,

లారీ అగస్టిన్ గురించి ఎవరు రాసినా 1999 డిసెంబరు 9 దగ్గర ఆగిపోతారు. ఆయన స్థాపించిన వీఏ లినక్స్ షేరు ఆ రోజు 30 డాలర్లతో అమెరికా మార్కెట్లోకి వచ్చి 239.25 దగ్గర ముగిసింది. ఒక్క రోజులో 698 శాతం! కానీ ఓపెన్ సోర్స్ (కోడ్ అందరూ చూసి, మార్చుకుని, పంచుకోగల సాఫ్ట్‌వేర్) వాడే మనవాళ్లకు పనికొచ్చేది ఆ తర్వాతి కథే.

స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేస్తూనే 1993లో ఆయన మొదలుపెట్టింది లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసిన కంప్యూటర్ల అమ్మకం. లినక్స్ ఎవరైనా వేసుకోవచ్చు కనుక పెద్ద కంపెనీలూ అదే వేసి అమ్మాయి. కొనే డాట్‌కామ్ సంస్థలేమో మూతపడ్డాయి. 2001లో హార్డ్‌వేర్ వదిలేశారు. తర్వాత అగస్టిన్ పెట్టుబడిదారుగా మారి జెన్‌సోర్స్, పెంటాహో వంటి ఓపెన్ సోర్స్ సంస్థల బోర్డుల్లో ఉన్నారు. జెన్‌సోర్స్‌ను 2007లో సిట్రిక్స్ 50 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

2009లో ఆయన షుగర్‌సీఆర్ఎం పగ్గాలు పట్టారు. ఖాతాదారుల వివరాలు, అమ్మకాల లెక్కలు చూసుకునే సాఫ్ట్‌వేర్ అది. దాని ఉచిత కమ్యూనిటీ ఎడిషన్ 6.5తో ఆగిపోయింది, 7వ వెర్షన్ డబ్బు కట్టినవాళ్లకే. ఎలా కుదిరింది? కోడ్ హక్కులు కంపెనీ చేతిలో ఉన్నాయి కనుక కొత్త వెర్షన్‌కు కొత్త షరతులు పెట్టగలిగింది. లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లో అలా కుదరదు; అక్కడ హక్కులు వేలమంది పేర పంచుకుపోయి ఉన్నాయి. అయితే ఒకసారి ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఇచ్చేసిన 6.5ను వెనక్కి తీసుకోవడం మాత్రం షుగర్ తరం కాలేదు. 2013లో సూట్‌సీఆర్ఎం అనే మరో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పుట్టింది దానిలోంచే.

అందుకే మీ పత్రికకు మా మనవి: ఓపెన్ సోర్స్ గురించి రాసేటప్పుడు కోడ్ హక్కులు ఎవరివో కూడా రాయండి. ఆఫీసుకు ఒక సాఫ్ట్‌వేర్ ఎంచుకునేవాళ్లు లైసెన్స్ ఫైలుతో పాటు కోడ్ రాసిచ్చేవాళ్లతో చేయించే ఒప్పందం చదవాలి. హక్కులన్నీ ఒకే కంపెనీకి రాసిచ్చేలా ఉంటే, ఉచిత ఎడిషన్ చివరిసారి ఎప్పుడు విడుదలైందో చూడాలి. పెయిడ్ వెర్షన్ కంటే రెండేళ్లు వెనకబడి ఉంటే ఆ దారి మూసుకుపోతున్నట్టే లెక్క.

పాత షుగర్ 6.5 నుంచి సూట్‌కు మారేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఒక చోటే. సొంత మార్పులు ‘కస్టమ్’ ఫోల్డర్‌లో ఉంటే నిలుస్తాయి. ‘మాడ్యూల్స్’ ఫోల్డర్‌లోని అసలు ఫైళ్లనే దిద్ది ఉంటే అప్‌గ్రేడ్ వాటిమీద కొత్తవి రాసేస్తుంది, ఆ మార్పులు పోతాయి. డేటాబేస్ కాపీ ఒక్కటే తీసుకుంటే చాలదు. కస్టమ్, అప్‌లోడ్ ఫోల్డర్లు, కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైళ్లు కూడా తీసి, ముందు వేరే సర్వర్‌లో ఎక్కించి చూడండి. పేర్లూ నంబర్లూ అన్నీ కనబడి జతచేసిన ఫైళ్లు తెరుచుకోకపోతే అప్‌లోడ్ ఫోల్డర్ వదిలేశారన్నమాట.

— సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, హైదరాబాద్