పీడకలల కరదీపిక పూర్తయింది: చెయ్యి వేసిన అందరికీ కృతజ్ఞతలు

పీడకలలతో నిద్ర చెడిన వాళ్ల కోసం మేము రాస్తున్న కరదీపిక పూర్తయింది. చిత్తుప్రతి చదివి పక్కన ప్రశ్నలు రాసినవాళ్లు, సాధన చేసి చూసి ఎక్కడ ఆగిపోయారో దాపరికం లేకుండా చెప్పినవాళ్లు, మందుల పట్టికను ఒక్కో పేరూ సరిచూసినవాళ్లు లేకపోతే అది ఇంత పనికొచ్చేలా తయారయ్యేది కాదు. పేర్లు వద్దన్నారు కాబట్టి, ఎవరి సాయం ఏ పేజీలో ఉందో చెప్పి నమస్కరిస్తున్నాం.

పిల్లల పేజీ రాత్రి డ్యూటీ నర్సులది. నిద్రలో బిడ్డ అరిస్తే అది పీడకలేనా అన్న ప్రశ్నను అన్నిటికన్నా ముందు పెట్టమన్నది వాళ్లే. నిద్ర సుమారు 90 నిమిషాల విడతలుగా సాగుతుంది. కలలు దట్టంగా వచ్చే రెమ్ దశ రాత్రి గడిచేకొద్దీ పొడుగవుతుంది. అందుకే పీడకలలు ఎక్కువగా తెల్లవారుజామున వస్తాయి. బిడ్డకు పూర్తిగా మెలకువ వస్తుంది, కల గుర్తుంటుంది, దగ్గరికి తీసుకుంటే ఊరుకుంటుంది. పడుకున్న రెండు మూడు గంటల్లోపే కేకలు పెట్టి, కళ్లు తెరిచి ఉన్నా మనల్ని గుర్తుపట్టక, పొద్దున అడిగితే ఏమీ తెలియదంటే అది గాఢనిద్రలో వచ్చే భయం, పీడకల కాదు. అప్పుడు కుదిపి లేపితే బెదురు పెరుగుతుంది. దెబ్బ తగలకుండా పక్కన కూర్చుంటే చాలు.

ఫార్మసిస్టులకు ప్రత్యేకంగా రుణపడ్డాం. రక్తపోటుకూ గుండె జబ్బులకూ ఇచ్చే ప్రోప్రనలాల్, మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు, కొన్ని డిప్రెషన్ మందులు, పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బుకు ఇచ్చే లీవోడోపా, పొగ మానడానికి ఇచ్చే వరెనిక్లిన్, ఉబ్బసానికి వాడే మాంటెలుకాస్ట్, ఇవన్నీ కొందరిలో పీడకలలు తెప్పిస్తాయి. పట్టిక కన్నా దాని కింద వాళ్లు రాయించిన వాక్యం ముఖ్యం: అనుమానం వచ్చినా మందు మీ అంతట మీరు ఆపకండి. బీటా బ్లాకర్ హఠాత్తుగా ఆపితే గుండెకు ముప్పు. డిప్రెషన్ మందు ఒక్కసారిగా మానేస్తే దానివల్లే కలలు ఉద్ధృతమవుతాయి. మద్యం సంగతీ వాళ్లే చేర్చారు. అది రాత్రి తొలి సగంలో రెమ్ నిద్రను అణిచేస్తుంది, మలి సగంలో ఆ నిద్ర రెట్టించి వస్తుంది, కలలూ దానితోపాటే.

ఇక కరదీపికకు గుండెకాయ, కలను మార్చి రాసే సాధన. అమెరికా నిద్ర వైద్యుడు బారీ క్రాకో బృందం లైంగిక దాడికి గురైన స్త్రీలలో దీన్ని పరీక్షించి, 2001లో జామా అనే వైద్య పత్రికలో ఫలితాలు ప్రచురించింది. పద్ధతి చిన్నదే. పగటిపూట కూర్చుని, పదేపదే వచ్చే కలను కొద్ది వాక్యాల్లో రాయాలి. దాన్ని మీకు నచ్చిన చోట, నచ్చినట్టు మార్చి మళ్లీ రాయాలి. ఆ కొత్త కలను కళ్లు మూసుకుని రోజూ 10 నుంచి 20 నిమిషాలు ఊహించుకోవాలి.

ఇంత తేలికైన పని ఎక్కడ చెడుతుందో చెప్పింది సాధన చేసి చూసిన మీరే. చాలామంది అన్నిటికన్నా ఘోరమైన కలతో మొదలుపెట్టి బెదిరిపోయి వదిలేశారు. అందుకే మధ్యరకం కలతో మొదలుపెట్టమని పెద్ద అక్షరాల్లో పెట్టాం. కొందరు తెలియకుండానే పాత కలనే తిరగేస్తూ కూర్చున్నారు. సాధన కొత్త కలకే, పాతది ఒక్కసారి రాస్తే చాలు. బొమ్మ మనసులో నిలవడం లేదన్నవాళ్లు ముందు కొన్నాళ్లు ఇష్టమైన చోటును ఊహించడం అలవాటు చేసుకోవాలి. పిల్లలైతే కాగితం మీద గీస్తే సరి. నాలుగు రోజులకే ఫలితం లేదని మానేయొద్దు, వారాలు పట్టడం మామూలే.

అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచినప్పుడు ఏం చెయ్యాలన్న పేజీని మీలో కొందరు సగానికి సగం కొట్టేశారు. మంచి పని చేశారు, గుండె దడలో ఎవరూ పొడుగు పేరాలు చదవరు. ఇప్పుడు అందులో ఉన్నది ఇంతే: దీపం వెయ్యండి, పాదాలు నేలకు ఆనించండి, గదిలో కనిపించే అయిదు వస్తువుల పేర్లు పైకి అనండి. కల అర్థం వెతకొద్దు, ఫోన్ తియ్యొద్దు. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం దిగి, కునుకు వచ్చాకే తిరిగి పడుకోండి. భయపడి నిద్రే మానుకుంటే మాత్రం తర్వాతి రాత్రుల్లో రెమ్ నిద్ర ఇంకా బలంగా వస్తుంది.

పీడకలలకూ వాడే రక్తపోటు మందు ప్రజోసిన్ గురించి ఆచితూచి రాయమన్న మానసిక వైద్యులకు ధన్యవాదాలు. కొందరికి అది పనిచేస్తుంది కానీ, 2018లో మాజీ సైనికుల మీద వెలువడిన పెద్ద పరీక్షలో మందు లేని ఉత్తుత్తి మాత్ర కన్నా మేలని తేలలేదు.

ఆఖరి పేజీని మాచేత పట్టుబట్టి రాయించినవాళ్లకు ఎంత చెప్పినా తక్కువే. పీడకలలు వారానికోసారైనా వచ్చి పగటి పనిని పాడుచేస్తుంటే డాక్టరుకు చూపించాలి. గురకతో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించుకోవాలి. యాభై దాటినవాళ్లు కలలో ఉన్నట్టే చేతులు విసురుతూ, తన్నుతూ ఉంటే న్యూరాలజిస్టును కలవాలి, అది పార్కిన్సన్స్‌కు ముందస్తు సూచన కావచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే సాధనతో కాలయాపన వద్దు, ఆ రోజే ఎవరికైనా చెప్పి వాళ్లను తోడు తీసుకుని వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.