కాటా తూచేది బరువునే, కొవ్వును కాదు

సంపాదకులకు,

నమస్కారములు. కోనసీమలో ఈ మధ్య ఉదయపు నడకకు వచ్చేవారు సేదదీరే చోట్ల, ఉచిత ఆరోగ్య శిబిరం పేరిట ఒంట్లో కొవ్వు శాతం చెప్పే కాటాలు వెలుస్తున్నాయి. అమలాపురంలో అటువంటి ఒక శిబిరంలో, గంటసేపు నడిచి చెమటతో తడిసి ఉన్న నన్ను కాటా ఎక్కించి, ఎత్తును కంటి అంచనాతో నమోదు చేసి, కొవ్వు 33 శాతమని తేల్చి, వెంటనే ఒక పొడి డబ్బా చేతిలో పెట్టబోయారు. డబ్బా కొనలేదు గాని, అటువంటి కాటా ఒకటి కొని ఇంటికి తెచ్చుకున్నాను. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాడికి ఆ మాత్రం కుతూహలం తప్పదు.

ఈ కాటా బరువును కొలుస్తుంది, కొవ్వును మాత్రం ఊహిస్తుంది. ఒక పాదం నుంచి రెండో పాదానికి మనకు తెలియనంత స్వల్పమైన విద్యుత్తును పంపి, ఎదురైన నిరోధాన్ని చూస్తుంది. నీరు ఎక్కువగా ఉండే కండరంలో విద్యుత్తు సులువుగా సాగుతుంది, కొవ్వులో అంతగా సాగదు. ఆ నిరోధాన్ని మనం నమోదు చేసిన ఎత్తు, వయసు, ఆడా మగా అన్న వివరాలతో కలిపి, తయారీదారు పొందుపరచిన సూత్రంలో వేస్తే శాతం వస్తుంది. ఎత్తు తప్పితే శాతమూ తప్పినట్టే. మా మనవడు నా పేరు మీద కాటా ఎక్కితే, వాడి లేత ఒంటికి నా వయసు లెక్క కట్టింది.

మా ఇంట్లో ఒకే రోజు ఉదయం 31, సాయంత్రం 28 చూపింది. పగలంతా నిలబడి తిరిగితే ఒంటి నీరు కాళ్లలోకి దిగి నిరోధం తగ్గుతుంది, కొవ్వు కరిగిందని కాటా పొరబడుతుంది. బోదకాలు బాధితులను చూస్తూ పెరిగిన ఈ డెల్టాలో, కాళ్ల వాపు ఉన్న పెద్దలకు ఈ అంకెను నిజమని చెప్పడం అన్యాయం.

కాటా బరువు సరిగా చూపుతోందా అన్నది సీలు విప్పని 26 కిలోల బియ్యం బస్తాతో తేల్చుకోవచ్చు. కొవ్వుకు అటువంటి బస్తా లేదు. అందుకే రోజూ ఒకే వేళ, నిద్ర లేచి కాలకృత్యాలు తీర్చుకున్నాక, కాఫీకి ముందు, పాదాలు కడిగి పొడిగా తుడుచుకుని, పీచు పట్టా మీద కాక గట్టి గచ్చు మీద కాటా పెట్టి తూచుకోవాలి. ఒక్కనాటి అంకెను వదిలి కొన్ని వారాల సగటు ఎటు పోతోందో చూడాలి. పొలం గట్ల మీద ఉత్త కాళ్లతో తిరిగేవారి గట్టిపడిన అరికాళ్లు కూడా లెక్కను చెడగొడతాయి. పొట్ట సంగతి తెలుసుకోవడానికి దర్జీ టేపే నయం: నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే డాక్టరును కలవాలి.

పేస్‌మేకర్ అమర్చినవారు ఈ కాటా ఎక్కరాదని, గర్భిణులు కూడా మానుకోవాలని తయారీదారులే సూచిస్తారు. ఈ రెండు ప్రశ్నలూ అడగకుండా ఎవరినీ ఎక్కించరాదని శిబిరాల నిర్వాహకులను ఆదేశించవలసిందిగా జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులను కోరుతున్నాను. నాతో నడిచే మిత్రుడికి పేస్‌మేకర్ ఉంది. ఆనాడు ఆయనను ఎవరూ ఏమీ అడగలేదు. చెప్పులు విప్పబోతుండగా నేనే ఆపాను.

భవదీయుడు,
విశ్రాంత ఉపాధ్యాయుడు, అమలాపురం