సీటు వచ్చింది సరే, సెమిస్టర్ సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

ఎప్‌సెట్, ఈఏపీసెట్ కౌన్సెలింగ్ నడిచినన్నాళ్లూ మీ విద్యా పేజీ కళకళలాడుతుంది. ఏ ర్యాంకుకు ఏ కాలేజీ, ఏ బ్రాంచిలో ఎన్ని సీట్లు మిగిలాయి, ఆప్షన్లు ఎలా పెట్టుకోవాలి, అన్నీ వేస్తారు. సీటు అలాటయ్యాక మాత్రం ఆ పిల్లల ఊసు మళ్లీ ప్లేస్‌మెంట్ల దాకా ఎత్తరు. అసలు దెబ్బ తగిలేది మొదటి సెమిస్టర్‌లో. మేం ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫస్టియర్‌కు పాఠాలు చెప్పేవాళ్లం, హాస్టళ్లు చూసుకునేవాళ్లం. ఈ పదహారు వారాల్లో పిల్లల రోజు ఎలా మారుతుందో, ఎక్కడ జారుతుందో చెప్పాలని ఈ ఉత్తరం.

'ఇంటర్‌లో బాగా చదివేవాడండీ, బీటెక్‌కి వచ్చాక ఫోన్ పట్టుకుని పాడైపోయాడు' అంటారు తల్లిదండ్రులు. సగమే నిజం. రెసిడెన్షియల్ కాలేజీలో పొద్దున లేపేది ఒకరు, స్టడీ అవర్‌లో వెనక నిలబడేది ఇంకొకరు, వారం వారం పరీక్ష పెట్టేది మరొకరు. చదివింది పిల్లలే గానీ ఏ గంటకు ఏం చదవాలన్నది రెండేళ్లలో ఒక్కసారీ వాళ్లు తేల్చుకోలేదు. బీటెక్‌లో వారానికి క్లాసులు 36 గంటలకు కాస్త అటూ ఇటూ. రోజుకు ఏడు గంటల నిద్ర పోగా వారంలో ఇంకా 83 గంటలుంటాయి. తిండికీ స్నానానికీ ప్రయాణానికీ పోను మిగిలేవీ తక్కువేం కాదు. వాటితో ఏం చేసుకోవాలో ఎవరూ నేర్పలేదు. ఆ ఖాళీలో ఫోన్ వచ్చి కూర్చుంది.

ముందు హాజరు లెక్క. జేఎన్టీయూ హైదరాబాద్ 2022లో తెచ్చిన ఆర్-22 నిబంధనల్లో అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే తగిన కారణం చూపి, ఫీజు కట్టి కాండొనేషన్ (మినహాయింపు) అడగాలి. 65 కన్నా తగ్గితే డిటెన్షనే, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. '25 శాతం మనదే' అని పిల్లలు మొదటి నెలలోనే వాడేస్తారు. వారానికి 36 పీరియడ్ల చొప్పున పదహారు వారాలకు 576. అందులో 75 శాతమంటే 432. సెమిస్టర్ సగానికి 288 పీరియడ్లయ్యేసరికి 60 శాతం దగ్గరున్నవాడికి 173 ఉంటాయి. మిగతా 288లో 259 రావాలి, అంటే 90 శాతం. మొదటి సగంలో 50 శాతమే ఉంటే ఆ తర్వాత ఒక్క పీరియడ్ కూడా పోకూడదు, జ్వరమొచ్చినా సరే. ఈ చివరి వాక్యం చదివాక లెక్క వేసుకుని మొహం పాలిపోయే పిల్లలు ప్రతి సెక్షన్‌లోనూ ఉంటారు.

దీనికి తోడు రెండు తిరకాసులున్నాయి. ల్యాబ్ అంటే ఒక మధ్యాహ్నం కాదు, రెండు మూడు పీరియడ్లు. సినిమాకని ఒక్క శుక్రవారం మధ్యాహ్నం మానితే మూడు పోయినట్టే. రెండోది పండగలు. దసరాకో సంక్రాంతికో ఇంటికెళ్లినవాళ్లు బస్సు దొరకలేదనో, మేనత్త కూతురి నిశ్చితార్థమనో సెలవులకు ముందొక రోజు, వెనక రెండు రోజులు కలుపుతారు. ఇది పిల్లల పని కాదు, ఇంట్లోవాళ్ల పని. 'రెండ్రోజులు ఆగి వెళ్దువులే నాన్నా' అనే అమ్మకు ఆ రెండ్రోజులు పన్నెండు పీరియడ్లని ఎవరూ చెప్పరు.

మార్కుల సంగతి. ఇదే ఆర్-22లో ఇంటర్నల్‌కు (కాలేజీలోనే వేసే మార్కులకు) 40, సెమిస్టర్ పరీక్షకు 60. ఇంటర్నల్‌లో 14, పరీక్షలో 21 తెచ్చుకుని, రెండూ కలిపి 40 చేరితేనే పాస్. 14, 21 కలిస్తే 35 మాత్రమే అవుతుందని గమనించండి. రెండు గడపలూ దాటి లోపల బోర్లా పడేవాళ్లు అందుకే ఉన్నారు. ఇంటర్నల్ 40లో మిడ్ (సెమిస్టర్ నడుమ పెట్టే పరీక్ష) 30 మార్కులకు, రెండు మిడ్‌ల సగటు తీస్తారు. మొదటి మిడ్‌ను తేలిగ్గా తీసుకుని 8 తెచ్చుకున్న పిల్ల రెండోదాంట్లో చచ్చీ చెడీ 26 తెచ్చుకున్నా సగటు 17 దగ్గరే ఆగుతుంది.

అయితే చదివీ మార్కులు రానివాళ్ల బాధ వేరు. ఎప్‌సెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు. జవాబు ఏదో తెలిస్తే చాలు, ఎలా వచ్చిందో ఎవరికీ అక్కర్లేదు. రెండేళ్లు అలా చేసిన చెయ్యి పది మార్కుల ప్రశ్నకు ఆరు లైన్లు రాసి ఆగిపోతుంది. మ్యాథ్స్‌లో మాత్రికను ఎషెలాన్ రూపంలోకి తెచ్చేటప్పుడు ఏ అడ్డువరుసలోంచి ఏది తీసేశారో పక్కన రాయరు. ఆర్2 బదులు ఆర్2 మైనస్ 2ఆర్1 (రెండో వరుసలోంచి మొదటి వరుసకు రెండింతలు తీసేశాం) అని చిన్నగా రాస్తే ఎక్కడో గుర్తు తప్పినా దిద్దేవాళ్లు దారి చూసి మార్కులు వేస్తారు. అది లేనప్పుడు చివరి జవాబు తప్పైతే మొత్తం తప్పే. ఫిజిక్స్‌లో పటం ముందు, నిర్వచనం తర్వాత, ఉత్పాదన ఆ తర్వాత, ప్రమాణాలతో సహా. వారానికి రెండు జవాబులు గడియారం పెట్టుకుని, ఒక్కోటి 20 నిమిషాల్లో, కాగితం మీద రాయిస్తే చాలు. పీడీఎఫ్ తిరగేస్తే వచ్చే విద్య కాదిది.

ఫస్టియర్ వాళ్లను అన్నిటికంటే ఏడిపించేది డ్రాయింగ్. చాలామందికి తెలివి లేక కాదు, డ్రాఫ్టర్ (బోర్డుకు తగిలించి అడ్డ, నిలువు గీతలు గీసే పరికరం) బిగించడం రాక. మినీ డ్రాఫ్టర్ క్లాంపును బోర్డు పైఅంచున ఎడమవైపు బిగించాలి. చేతులు బోర్డంతా తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలి. కోణాల తల సున్నా మీద ఉంచి దాని స్క్రూ బిగించాలి. షీటును బోర్డు అంచుకు సరిపెట్టడం పెద్ద తప్పు. అడ్డ స్కేలును కిందికి జరిపి, దాని అంచుకు షీటు పైఅంచును సరిపెట్టి, అప్పుడు టేపు వేయాలి. ఆ తర్వాత అదే స్కేలును షీటు అడుగుకు జరిపి మళ్లీ చూడాలి. క్లాంపు స్క్రూ పావు చుట్టు వదులైనా పైన గీసిన గీతకూ కింద గీసిన గీతకూ పొంతన ఉండదు. గంటన్నర కష్టపడ్డాక ప్రొజెక్టర్లు (ఒక వ్యూ నుంచి ఇంకో వ్యూకు దింపే గీతలు) కలవవు. అప్పుడు రబ్బరుతో రుద్దుతారు, కాగితం పీచు లేస్తుంది, దానిమీద గీసిన ప్రతి గీతా లావుగా అలుక్కుంటుంది. ముందు గీతలకు 2హెచ్ పెన్సిల్ తేలిగ్గా ఆడించి, ఖాయమయ్యాకే హెచ్‌తోనో హెచ్‌బీతోనో దిద్దాలి. మొదటినుంచీ హెచ్‌బీతో నొక్కి గీసేవాళ్ల షీటు సాయంత్రానికి బొగ్గుల కొట్టు. ఇంకొకటి, మన దగ్గర ఫస్ట్ యాంగిల్ పద్ధతి: ఫ్రంట్ వ్యూ ఎక్స్‌వై గీతకు (రెండు వ్యూలనూ విడదీసే అడ్డగీత) పైన, టాప్ వ్యూ కింద. పేరులో 'టాప్' ఉంది కదా అని పైన పెట్టేవాళ్లు క్లాసుకు పదిమంది.

సి ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో జరిగేదీ ఇలాంటిదే. స్కాన్ఎఫ్‌లో (టైప్ చేసిన విలువను తీసుకునే ఆదేశం) వేరియబుల్ ముందు యాంపర్‌సండ్ గుర్తు మరిస్తే ప్రోగ్రాం కంపైలైపోతుంది, రన్ చేస్తే చాలాసార్లు కుప్పకూలుతుంది. ఎందుకంటే విలువ దాచాల్సిన చోటు చెప్పకుండా, అందులో అప్పటికే ఉన్న చెత్త అంకెనే అడ్రసుగా ఇచ్చారు. ఫర్ బ్రాకెట్ పక్కన సెమికోలన్ పెడితే లూప్ వట్టిగా తిరిగి, లోపలుండాల్సిన పని ఒక్కసారే జరుగుతుంది. ఈ రెండు తప్పులూ సొంతంగా చేసి, సొంతంగా పట్టుకున్నవాళ్లకు ప్రోగ్రామింగ్ పట్టుబడుతుంది. సీనియర్ రికార్డు చూసి దించేసినవాళ్లను బయటి కాలేజీ ఎగ్జామినర్ వచ్చి 'ఇదే ప్రోగ్రాంను పది అంకెలకు మార్చు' అంటే కీబోర్డు వంక చూస్తారు. రికార్డు ఏ వారానిది ఆ వారం సంతకం చేయించుకోవాలి. చివరి వారంలో పన్నెండు ప్రయోగాలకు సంతకాల కోసం స్టాఫ్‌రూం ముందు నిలబడేవాళ్లకు ఆ వారం చదువుకునే టైమ్ ఉండదు.

చదువు పక్కన పెడితే బట్టలు. నవ్వుకోకండి. సెమిస్టర్ మొదలయ్యేది వానల్లో. పదిహేడేళ్లొచ్చినా బట్టలుతకడం తెలియని పిల్లలు ఆదివారం దాకా గుట్ట వేసి, ఒకే బకెట్లో నానబెట్టి, జీన్స్‌ను గదిలో ఫ్యాన్ కింద ఆరేస్తారు. నడుం పట్టీ దగ్గర, జేబుల్లో తడి పోదు. అదే తొడుక్కుంటే పదిహేను రోజుల్లో గజ్జల్లో తామర. ఇంట్లో చెప్పడానికి సిగ్గు. మందుల షాపుకెళ్లి దురద క్రీము అడిగితే చాలాసార్లు చేతికొచ్చేది స్టెరాయిడ్ కలిపింది. రెండు రోజుల్లో దురద, ఎరుపు తగ్గుతాయి. ఫంగస్ మాత్రం చావదు, చర్మం అడ్డుకోవడం మానేసింది గనక ఇంకా పాకుతుంది. ఆపేసిన వారానికి రెట్టింపై వస్తుంది, టవలు పంచుకున్న రూమ్మేట్‌కూ అంటుకుంటుంది. చేయాల్సింది చిన్న పనే: లోదుస్తులు రోజూ స్నానంతోపాటు ఉతుక్కోవడం, తలా ఒక టవలు, వానాకాలం జీన్స్ తగ్గించి పల్చటి కాటన్ ప్యాంట్లు, మచ్చ కనపడగానే చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లడం. తగ్గినట్టనిపించినా వాళ్లు చెప్పినన్ని వారాలూ మందు రాయాలి.

ఆడపిల్లల విషయంలో ఇంకో సంగతి ఉంది, దీన్ని కొత్త పిల్లలకు పెట్టే ఏ ఇండక్షన్‌లోనూ ఎవరూ ఎత్తరు. క్లాసులు జరిగే బ్లాకులో బాత్రూం గడియ పడదు, నీళ్లు రావు, లేదా మూడంతస్తులు దిగాలి. దాంతో పొద్దున తొమ్మిది నుంచి నాలుగింటి దాకా నీళ్లు తాగడం మానేస్తారు. పర్యవసానం మూత్రంలో మంట, జ్వరం, దాంతో మళ్లీ హాజరు పోవడం. ఇది పిల్లల తప్పు కాదు, కాలేజీ తప్పు. తనిఖీ కమిటీలు లైబ్రరీలో పుస్తకాలు లెక్కపెట్టినట్టే గడియలూ లెక్కపెట్టాలని మా అభిప్రాయం.

తిండి గురించి మెస్‌ను తిట్టడం ఆనవాయితీ, తిట్టాల్సిన మెస్‌లూ ఉన్నాయి. కానీ ఎక్కువమందికి అసలు సమస్య వేళ. రాత్రి రెండింటికి పడుకుంటే తొమ్మిదికి పది నిమిషాల ముందు మెలకువొస్తుంది, అప్పటికి ఇడ్లీ అయిపోతుంది. పదకొండింటికి పఫ్, టీ. మధ్యాహ్నం సరిగ్గా తినబుద్ధి కాదు. రాత్రి పదకొండింటికి ఆకలి, నూడుల్స్. 'త్వరగా పడుకో' అని చెప్పి లాభం లేదు, నలుగురున్న గదిలో అది కుదరదు. లేచే టైమ్ ఒక్కటి ఏడున్నరకని ఖాయం చేసుకుని, ఆదివారం కూడా తప్పకపోతే పడుకునే టైమ్ పది రోజుల్లో దానంతటదే ముందుకొస్తుంది. ఫోన్ చార్జింగ్ మంచానికి దూరంగా ఉన్న ప్లగ్గుకు పెట్టుకుంటే సగం పని అయినట్టే.

డబ్బుకూ ఇలాంటి చిట్కానే. నెలకు మూడు వేలు ఒకేసారి వేస్తే పన్నెండో తారీకుకు అయిపోతుంది, ఎక్కడ పోయిందో తెలియదు. స్కాన్ చేసి కట్టిన పదిహేను రూపాయలు చేతిలోంచి పోయినట్టుండదు మరి. వారానికి ఏడు వందల చొప్పున ఆదివారం రాత్రి వేయండి. అయిపోతే బుధవారానికే తెలుస్తుంది, తప్పు చిన్నదిగా ఉండగానే. అప్పు యాప్‌ల దాకా పోయినవాళ్లలో చాలామంది మొదట అడిగింది ఐదొందలో వెయ్యో.

తల్లిదండ్రులకు ఒక మాట. మొదటి నెలన్నర ఇంటిమీద బెంగ సహజం. రోజూ ఫోన్ చేసి ఏడ్చే పిల్ల గురించి మేం పెద్దగా కంగారు పడం. ఫోన్ ఎత్తడం మానేసి, మెస్‌కు రాక, రెండు మూడు రోజులు స్నానం లేక, ల్యాబులు కూడా మానేసే పిల్లల గురించి పడతాం. 'మార్కులెన్ని' అని కాకుండా 'ఈ పూట ఏం తిన్నావ్, ఎవరితో తిన్నావ్' అని అడగండి. ఎవరి పేరూ రాకపోతే వార్డెన్‌కు ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ర్యాగింగ్ ఐతే 1800-180-5522.

సాంకేతిక విద్యను చూసే జాతీయ మండలి ఏఐసీటీఈ మూడు వారాల ఇండక్షన్ పెట్టమంది. చాలాచోట్ల అందులో మొదటి రోజు ముఖ్య అతిథి, రెండో రోజు కాలేజీ ఘనత మీద వీడియో. ఆ రోజుల్లో ఒక పూట డ్రాఫ్టర్ బిగించడానికి, ఒక పూట పది మార్కుల జవాబు రాయడానికి, ఒక గంట ఉతుకుడుకు, ఒక గంట హాజరు లెక్కకు కేటాయించమని కాలేజీలను కోరుతున్నాం. మీకూ ఒక విన్నపం. మొదటి మిడ్‌కు మూడు వారాల ముందు ఆ 576, 432 లెక్కను బాక్సు కట్టి వేయండి. కటాఫ్ ర్యాంకుల పట్టికకిచ్చే చోటులో పావు వంతు చాలు.

ఇట్లు,
కొందరు ఫస్టియర్ అధ్యాపకులు, హాస్టల్ వార్డెన్లు